గాయం కబురు ఎక్కడి నుంచి వస్తుంది?

స్కేలు అంచుతో ముంజేతి మీద గట్టిగా ఒక గీత గీస్తే, కొన్ని సెకన్లలోనే ఆ గీత మేరకు చర్మం కందుతుంది. కాసేపటికి ఎరుపు గీత దాటి చుట్టుపక్కలకు పాకుతుంది. ఒత్తిడి బాగా పడి ఉంటే, కొద్ది నిమిషాల్లో గీసినచోటే దద్దురు లేస్తుంది. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1920లలో ఈ మూడింటినీ వరసగా గమనించి, చర్మంలోకి హిస్టమిన్ అనే రసాయనాన్ని రవ్వంత గుచ్చినా ఇవే మార్పులు కనిపిస్తాయని చూపాడు. దెబ్బ తిన్న చర్మం తనలోంచే ఏదో రసాయనాన్ని వదులుతున్నదని ఆయన దీన్నిబట్టి గ్రహించాడు. అయితే అది హిస్టమినే అని తేల్చేయకుండా 'హెచ్-పదార్థం' అని పేరు పెట్టి ఊరుకున్నాడు. రుజువు ఎంతవరకు ఉందో అంతవరకే మాట్లాడే ఆ జాగ్రత్త ఈ రంగంలో అందరికీ అబ్బలేదు.

డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనే శోథానికి లక్షణాలు ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ 1వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. వాటి వెనక ఉండి కబురు పంపేది ఎవరన్న ప్రశ్న పదునెక్కింది మాత్రం 19వ శతాబ్దంలోనే. 1867లో జర్మనీకి చెందిన యూలియస్ కోన్‌హైమ్ కప్ప కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిచి, తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడలోంచి దూరి బయటికి రావడం వర్ణించాడు. చీములోని కణాలు రక్తం నుంచి వచ్చేవేనని, మార్పంతా నాళం గోడలోనే ఉందని ఆయన భావించాడు. 1882లో జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప లార్వాలకు గులాబీ ముళ్లు గుచ్చాడు. వాటికి రక్తనాళాలే ఉండవు. అయినా మర్నాటికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. నాళమే లేనప్పుడు వాటిని పిలిచిందెవరు?

మొదటి జవాబు హిస్టమిన్ రూపంలో దొరికింది. బ్రిటిష్ శాస్త్రవేత్తలు హెన్రీ డేల్, లైడ్‌లా 1910లో దాని ప్రభావాలను వివరించినా, అది శరీరంలో సహజంగా ఉండేదేనా, కణజాలం కుళ్లితే పుట్టేదా అన్న అనుమానం మిగిలింది. 1927లో డేల్ బృందం తాజా కాలేయం, ఊపిరితిత్తుల నుంచే దాన్ని వేరుచేసి ఆ అనుమానాన్ని తీర్చింది. ఇంతకీ అది నిలవ ఉండే గది ఏది? పాల్ ఏర్లిక్ 1878లోనే తన పరిశోధన వ్యాసంలో గింజలు కూరినట్టుండే కణాలను వర్ణించి, బాగా మేసి బలిసినవన్న భావంతో వాటికి మాస్ట్ కణాలని పేరు పెట్టాడు. ఆ గింజల్లోనే హిస్టమిన్ ఉందని రైలీ, వెస్ట్ 1953లో చూపేదాకా, అంటే 75 ఏళ్లపాటు, తాళం ఒకచోట, తాళంచెవి ఒకచోట పడి ఉన్నాయి.

ఈలోగా రెండో చిరునామా రక్తంలోనే బయటపడింది. 1949లో బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా, ఆయన సహచరులు జరరాకా అనే పాము విషాన్ని కుక్క రక్తంలోని ప్రోటీన్లతో కలిపినప్పుడు, పేగును నెమ్మదిగా ముడుచుకునేలా చేసే పదార్థం పుట్టింది. అదే బ్రాడికైనిన్. అది విషంలోనూ లేదు, రక్తంలో సిద్ధంగానూ లేదు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఉండే పెద్ద ప్రోటీను తెగితే రాలే ముక్క అది. గాయం సలపడంలో దానికి పెద్ద వాటా ఉంది. నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తీరు వేరు. వాటిని కణం దాచుకోదు, అవసరమైనప్పుడు తన పొరలోని కొవ్వు నుంచి అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. ఆస్పిరిన్ ఆపేది ఈ తయారీనే అని జాన్ వేన్ 1971లో నిరూపించాడు.

చితికిన కణం సంగతేమిటన్న ప్రశ్న చాలాకాలం పక్కకు పోయింది. 1930లలో అమెరికాలో వాలీ మెన్కిన్ గాయపు స్రావం నుంచి తెల్ల కణాలను ఆకర్షించే 'ల్యూకోటాక్సిన్'ను తీశానన్నాడు గాని, అది శుద్ధి చేసిన ఒకే పదార్థం కాదన్న విమర్శ దాన్ని వెనక్కి నెట్టింది. ఆ తరవాత చూపంతా సూక్ష్మజీవుల మీదికి మళ్లింది. కానీ చర్మం చిట్లకుండా కాలు బెణికినా చీలమండ వాస్తుంది కదా! శరీరం స్పందించేది పరాయిదానికి కాదు, ప్రమాదానికి అని పాలీ మాట్జింగర్ 1994లో వాదించాక ఈ ప్రశ్నకు మళ్లీ ఊపిరి వచ్చింది. మామూలుగా కేంద్రకంలో ఉండే హెచ్ఎంజీబీ1 అనే ప్రోటీను, కణం చితికి చస్తే బయటికి కారి శోథాన్ని రేపుతుందని 2002లో తేలింది. పెద్ద ప్రమాదాల్లో గాయపడినవారి రక్తంలోకి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా శకలాలు చేరతాయని 2010లో వెల్లడైంది. మైటోకాండ్రియా ప్రాచీన బాక్టీరియా సంతతి కాబట్టి, వాటి ముక్కలను చూసి తెల్ల కణాలు బాక్టీరియా వచ్చిందన్నట్టే దూకుతాయి.

చితికిన కణం నుంచి కారే ఈ కబుర్ల జాబితాలో ఏటీపీ అనే పదార్థం కూడా ఉంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు కండరం నుంచి వేరుచేసింది దీన్నే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణం లోపల శక్తికి నాణెంలా చెలామణి అయ్యే ఏటీపీ బయట దాదాపు ఉండదు కాబట్టి, బయట కనిపించిందంటే ఎక్కడో గోడ కూలిందనే లెక్క.

అయితే కబురు పంపేవి చచ్చిన కణాలు మాత్రమే కాదు. 2009లో జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిల్లల తోక రెక్కను కత్తిరించి చూసినప్పుడు, తెల్ల కణాలు రాకముందే గాయం అంచున హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగవడం కనిపించింది; దాన్ని తయారుచేస్తున్నవి అంచున బతికి ఉన్న చర్మకణాలే. 2013లో మరో సంగతి తెలిసింది. చేప తెగినచోట మంచినీళ్లు లోపలికి దూరి కణాలను ఉబ్బిస్తాయి, అలా ఉబ్బడమే తెల్ల కణాలకు పిలుపవుతుంది. ఆ చేపను దాని శరీర ద్రవమంత ఉప్పదనం ఉన్న నీటిలో ఉంచితే, గాయం అలాగే ఉన్నా తెల్ల కణాల రాక బాగా తగ్గిపోయింది.