'ఇన్' కనిపిస్తే 'కాదు' అనే అర్థమా?

అమీర్‌పేటలో పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చెబుతాను. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో తిరిగే ప్రిఫిక్సుల (మాట ముందు చేరే ముక్కల) పీడీఎఫ్ పట్టుకుని వస్తారు. అందులో ఒక లైను: 'ఇన్ అంటే కాదు'. ఆ ఒక్క లైను చేసే నష్టం ఇంతా అంతా కాదు.

అపోహ: ముందు 'ఇన్' వస్తే అర్థం తిరగబడుతుంది.

వాస్తవం: ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ దగ్గర నిజమే. కానీ లాటిన్ నుంచి వచ్చిన 'ఇన్'లు రెండు. ఒకటి 'కాదు', రెండోది 'లోపలికి'. ఇంజెక్షన్‌లో ఉన్నది రెండోదే. ఇన్‌ఫ్లేమ్‌లోనూ అదే, మంట రాజేయడం అని అర్థం. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే ఇట్టే అంటుకునేది. చర్లపల్లి వైపు వెళ్తే పెట్రోల్ ట్యాంకర్ల వెనక పెద్దక్షరాలతో కనిపించే మాట అదే. ఫ్లేమబుల్ అన్నా అర్థం ఒకటే. అంటుకోనిది నాన్‌ఫ్లేమబుల్. జనం పొరబడతారనే భయంతోనే అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920ల్లో ఫ్లేమబుల్ అనే వాడమని చెప్పింది. మన దగ్గర పాత మాట ఇంకా నడుస్తూనే ఉంది.

మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన కుర్రాడు థిన్నర్ డబ్బా మీద ఆ మాట కూడబలుక్కుని చదివాడు. "అంటుకోదంట మేడమ్, రాసుంది" అంటూ మూత తీసి వంటగది గట్టు మీద పెట్టాడు. పక్కనే పాలు కాగుతున్నాయి. పరుగెత్తి స్టవ్ కట్టేశాను. ఇంటర్ పాసైన పిల్లాడు, తప్పు అతనిది కాదు. అతనికి ఎవరో అలా నేర్పారు.

ఇన్‌వాల్యుబుల్‌లో మాత్రం 'ఇన్' నిజంగానే 'కాదు'. అయినా విలువలేనిది అని కాదు, వెల కట్టలేనంత గొప్పది అని. మన 'అమూల్యం'లో 'అ' చేసే పని ఇదే. ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజున మేనేజర్ పంపిన మెయిల్‌లో 'యువర్ ఇన్‌వాల్యుబుల్ హెల్ప్' అని చూసి, మా స్టూడెంట్ ఒకమ్మాయి రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే ఫోన్ నా చేతిలో పెట్టి "అంత పనికిరాకుండా చేశానా మేడమ్?" అంది. బోర్డు మీద 'అమూల్యం' అని రాసి చూపించాను. కాసేపు అలాగే చూసి, మెయిల్ వాళ్లమ్మకు ఫార్వర్డ్ చేసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే ముఖ్యంగా పక్షపాతం లేని మనిషి. ఆసక్తి లేదనడానికి అన్‌ఇంటరెస్టెడ్ వాడండి. ప్రీపోన్ (అనుకున్న సమయం కంటే ముందుకు జరపడం) తప్పు మాట కాదు, మన దేశపు ఇంగ్లిష్‌లో ఉన్నదే. 'అన్' రెండు పనులు చేస్తుంది: అన్‌హ్యాపీలో 'కాదు' అంటుంది, అన్‌లాక్‌లో చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది.

థైరాయిడ్ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడే అక్కలూ నన్ను అడుగుతుంటారు. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. మాటవరకు నేను చెప్పగలను. మాత్ర సంగతి డాక్టరునే అడగండి.