ఏ వాద్యం లేదో వినండి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

సినిమా సంగీతం అనగానే మీకు పాటలే గుర్తుకు వస్తాయి. మన దగ్గర సంగీత దర్శకుడి పేరు పాటలతోనే నిలుస్తుంది కనుక అది సహజమే; మాటల వెనుక, మౌనాల వెనుక వినిపించే సంగీతాన్ని ‘రీరికార్డింగ్ బాగుంది’ అన్న ఒక్క మాటతో సరిపెడతాం. పాటలతో నిమిత్తం లేకుండా, కేవలం ఆ నేపథ్య సంగీతంతోనే హాలీవుడ్‌లో చిరస్థాయిగా నిలిచిన బెర్నార్డ్ హెర్మన్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన సంగీతాన్ని వినే పద్ధతి ఒకటి తెలిస్తే మీకు ఏ చిత్రమైనా కొత్తగా వినిపిస్తుందని నా నమ్మకం.

హెర్మన్ 1911లో న్యూయార్క్‌లో పుట్టారు. అమెరికాలోని సీబీఎస్ రేడియోలో పనిచేస్తూ, నటుడూ దర్శకుడూ అయిన ఆర్సన్ వెల్స్ నాటకాలకు సంగీతం సమకూర్చారు. రేడియోలో తెర లేదు. రంగం మారిందని శ్రోతకు కొన్ని క్షణాల్లోనే చెవి ద్వారా తెలియజేయాలి. ఆ సాధన వల్లనే కాబోలు, పొడుగాటి రాగాల కంటే మూడు నాలుగు స్వరాల చిన్న తునకలనే తిప్పి తిప్పి వాడటం ఆయనకు అలవాటయింది. 1941లో వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ ఆయన మొదటి చిత్రం. ఆనాటి స్టూడియోలలో సంగీత దర్శకుడు స్వరాలు రాసి ఇస్తే, ఏ స్వరం ఏ వాద్యానికి పంచాలో చాలాసార్లు వేరొకరు నిర్ణయించేవారు. హెర్మన్ ఆ పని ఎవరికీ అప్పగించలేదు. స్వరం ఎంత ముఖ్యమో దానిని పలికే వాద్యమూ అంతే ముఖ్యమని ఆయన పట్టుదల.

అందుకే ప్రతి చిత్రానికీ ఆయన వాద్యబృందాన్ని కొత్తగా కట్టేవారు. కథకు అక్కరలేని వాద్యాలను, అవి ఎంత ఇంపైనవైనా సరే, నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టేవారు. గ్రహాంతర వాసి భూమి మీద దిగే కథకు (1951) చేత్తో తాకకుండానే గాలిలో చేతులు కదిపి మోగించే థెరమిన్లను రెండు తెచ్చారు. భూగర్భ యాత్ర కథకు (1959) వయొలిన్ కుటుంబాన్ని మొత్తం వదిలేసి, ఆర్గన్లతోను, సర్పెంట్ అనే పాతకాలపు మెలికల బాకాతోను చీకటి లోతులను వినిపించారు.

మీ వయసుకు తగినది ‘సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’ (1958). అందులో సింద్‌బాద్ ఒక అస్థిపంజరంతో కత్తియుద్ధం చేస్తాడు. రే హ్యారీహౌసెన్ ఒక చిన్న బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ కాస్త కాస్త కదుపుతూ ఆ అస్థిపంజరానికి నడక నేర్పారు. దానికి ఎముకలు ఇచ్చింది మాత్రం హెర్మన్ అంటాను. జైలోఫోన్, చెక్కదిమ్మెలు, మన చిడతల్లా టకటకలాడే కాస్టనెట్లు అక్కడ ముందుకు వస్తాయి. శత్రువు ఒంట్లో రక్తమాంసాలు లేవన్న సంగతి ఆ పొడి చప్పుళ్లలో కంటి కంటే ముందు చెవికి తెలుస్తుంది.

ఆయన పేరు వినగానే అందరూ చెప్పే ‘సైకో’ (1960) చిత్రాన్ని మీరు పెద్దయ్యాకే చూడాలి. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దానిని నలుపు తెలుపులలో తీశారు. సంగీతం కూడా ఆ రెండు రంగులలోనే ఉండాలని హెర్మన్ బాకాలను, వేణువులను, డప్పులను అన్నిటినీ తీసివేసి వయొలిన్, వియోలా, చెల్లో, డబుల్ బేస్‌లను మాత్రమే ఉంచుకున్నారు. స్నానాల గదిలో హత్య జరిగే దృశ్యానికి అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ భావించినా, హెర్మన్ రాసి వినిపించాక ఒప్పుకున్నారు. అక్కడ వయొలిన్లు కీచుమంటూ అరుస్తాయి. మెత్తని రాగాలకు పేరుపడిన వాద్యం అంత కర్కశంగా పలకగలదని ఎవరు ఊహిస్తారు? అయితే నాకు అంతకంటే గొప్పగా అనిపించేది కారు దృశ్యం. డబ్బు దొంగిలించిన యువతి వానలో కారు నడుపుతూ ఉంటుంది. తెర మీద ఆమె ముఖం, రోడ్డు, వైపర్లు తప్ప ఏమీ లేవు. శబ్దం ఆపి చూస్తే ఎవరో ఊరికి పోతున్నట్టే ఉంటుంది. శబ్దం పెట్టగానే తీగల మీద తెగకుండా తరుముకొచ్చే ఆ చిన్న స్వరాల వల్ల ఆమె భయం మన గుండెలోకి దిగుతుంది.

‘వెర్టిగో’ (1958) ప్రారంభ సంగీతం ఇంకో అద్భుతం. వెర్టిగో అంటే తల తిరుగుడు. ఒక స్వరమాల పైకి ఎక్కుతూ ఉంటే అదే సమయంలో మరొకటి కిందికి దిగుతుంది, రెండూ ఎక్కడా ఊరట పొందవు. ఎత్తు నుంచి కిందికి చూసినవాడి తల తిరుగుడును ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలో నాకు తోచదు.

మీరు ముందుగా సింద్‌బాద్ యుద్ధ ఘట్టాన్ని కళ్లు మూసుకుని వినండి. ఏయే వాద్యాలు మోగాయో, మామూలుగా వినిపించవలసినవి ఏవి మోగలేదో రెండు వరసలుగా కాగితం మీద రాసి నాకు పంపండి. ఆ తరువాత మనం 1963 నాటి ‘ది బర్డ్స్’ గురించి మాట్లాడుకుందాం. ఆ చిత్రంలో నేపథ్య సంగీతమే లేదు. ట్రాటోనియం అనే విద్యుత్ వాద్యంతో బెర్లిన్‌లో సృష్టించిన పక్షుల రొదలే ఉన్నాయి. దానికి శబ్ద సలహాదారుగా కూర్చున్నది కూడా హెర్మనే.

ఇట్లు,
మీ తాతయ్య