ఎలుక కొరికిన రూపాయి

మా వీధి చివరి కిరాణా కొట్టులో పాల ప్యాకెట్లు కొని చిల్లర తీసుకుంటుంటే, కొట్టతను ఒక రూపాయి బిళ్లను నా చేతిలో పెట్టబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "ఇది వద్దులెండి సార్, ఎలుక కొరికినట్టుంది. ఇంకొకటి ఇస్తాను" అన్నాడు. చూస్తే నిజంగానే అంచున నెలవంకంత ముక్క లేదు. అదే కావాలని అడిగి తెచ్చుకున్నాను. దాని మీద సంవత్సరం అంకెల కింద చిన్న అయిదు కోణాల నక్షత్రం ఉంది. అంటే అది పుట్టింది మన హైదరాబాద్ టంకశాలలోనే.

ఇంటికి వచ్చి తూకం వేశాను. 2011 నుంచి వస్తున్న రూపాయి నాణెం 22 మిల్లీమీటర్ల వ్యాసంతో 3.79 గ్రాములు ఉండాలి. ఇది మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువే తూగింది. ముక్క పోయిన మాట నిజమే. అయితే అది టంకశాలలో పోయిందా, బయట ఎవరైనా కత్తిరించారా? ధరల పట్టికలు ఎన్ని తిరగేసినా దీనికి జవాబు దొరకదు. నాణెం ఎలా తయారవుతుందో తెలిస్తేనే దొరుకుతుంది. యంత్రం చేయగలిగిన తప్పయితే అది ముద్రణ దోషం. యంత్రానికి సాధ్యం కానిదైతే అది నాణేనికి తర్వాత తగిలిన గాయం. తప్పు పడ్డ నాణేలను గుర్తించే ఈ విద్యలో మొదటి పాఠం ఇదే.

టంకశాలలో పని పొడవాటి లోహపు రేకుతో మొదలవుతుంది. చపాతీ పిండిని పెద్దగా పరిచి, డబ్బా మూతతో పూరీలు కోసినట్టు, ఆ రేకు నుంచి గుండ్రటి ఖాళీ బిళ్లలను కోస్తారు. వాటిని ఇరుకైన గాడిలో దొర్లించి అంచును కాస్త పైకి లేపుతారు. కొలిమిలో కాల్చి మెత్తబరిచి, కడిగి, ఆరబెడతారు. ఆ తర్వాత ముద్రణ. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, బిళ్ల పక్కలకు పాకిపోకుండా చుట్టూ ఒక ఉక్కు కట్టు. పై అచ్చు టన్నుల ఒత్తిడితో దిగగానే బొమ్మా బొరుసూ ఒకే దెబ్బలో పడతాయి. ఇదంతా నిమిషానికి వందల నాణేల చొప్పున జరుగుతుంది. తప్పు జరిగిందంటే ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట జరిగి ఉండాలి.

మళ్లీ పూరీల దగ్గరికి వద్దాం. పిండిని చాలినంత జరపకుండా మూత అద్దితే ఏమవుతుంది? ముందు కోసిన ఖాళీ మీద మూత కొంత పడి, తర్వాతి పూరీకి నెలవంకంత లోటు వస్తుంది. నా రూపాయికీ అదే జరిగి ఉంటే, ఆ కొరుకు వంపు కూడా రూపాయి వంపే కావాలి. మరో రూపాయి నాణేన్ని అక్కడ ఆనించి చూశాను. వంపుకు వంపు చక్కగా కుదిరింది. భూతద్దం తీశాను. కొరుకు పక్కనున్న అక్షరాలు తెగిపోయినట్టు లేవు. అంచువైపు సన్నగా సాగి, పలచబడి ఉన్నాయి. మెత్తటి లోహం దెబ్బ తినగానే ఖాళీ ఉన్న వైపు జరిగిందన్నమాట. అంటే అచ్చు పడేనాటికే ఆ ముక్క లేదు. నాణెం తయారయ్యాక ఆకురాయితో అరగదీసి ఉంటే అక్షరం కత్తితో కోసినట్టు ఆగిపోయేది, ఆ గోడ మీద గీతలు మిగిలేవి.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం కొరుకు దగ్గర లేదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. అటువైపు అంచు గట్టు మసకబారి దాదాపు మాయమైంది. కారణం గాడిలో దొర్లించడంలో ఉంది. అంచును లేపాలంటే బిళ్లను రెండు వైపుల నుంచీ ఒకేసారి నొక్కాలి. ఒకవైపు ముక్క లేకపోతే అక్కడ ఒత్తిడికి ఆనిక ఉండదు, దాంతో ఎదుటివైపు కూడా గట్టు లేవదు. కత్తెరతో కోసేవాడికి ఈ సంగతి తెలియదు. తెలిసినా ఎదుటి అంచును ఇలా సహజంగా మసకబార్చడం చాలా కష్టం. ఎలుక కొరికిన నా రూపాయి నిజమైన టంకశాల తప్పే!

కొత్తగా నాణేలు చూడడం మొదలుపెట్టినవాళ్లకు నేను చెప్పే మొదటి పరీక్ష వేలి కొసతో చేసేది. వింత గీత కనిపిస్తే అది పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా? అచ్చు ఉక్కుదే అయినా లక్షల దెబ్బలకు అలసిపోయి బీటలు వారుతుంది. ఆ బీటలోకి లోహం చొరబడి నాణెం మీద సన్నటి గట్టుగా నిలుస్తుంది. అచ్చు అంచున పెచ్చే ఊడితే, నాణెం మీద అక్కడ బొమ్మలేని ముద్ద ఏర్పడుతుంది. కాబట్టి లేచిన గీతకు కారణం అచ్చు కావచ్చు. దిగిన గీత దాదాపు ఎప్పుడూ గీరుడే. అచ్చులో జిడ్డూ లోహపు పొడీ నిండితే ఒక అంకె, ఒక అక్షరం పడకుండా పోతాయి. అలాంటివి తరచుగా కనిపిస్తాయి. వాటికి పెద్ద విలువ ఉండదు.

విలువా వింతా రెండూ ఉన్నది, మన దేశంలో సేకరించేవాళ్లు లఖీ అని పిలిచే నాణెం. ముద్రించిన నాణెం బయటికి వెళ్లకుండా ఒక అచ్చుకు అంటుకుపోతుంది. ఆలోగా తర్వాతి ఖాళీ బిళ్ల వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు దాని ఒకవైపు అచ్చు సరిగ్గానే పడుతుంది, రెండో వైపు మాత్రం ఇరుక్కున్న నాణెమే అచ్చుగా పనిచేస్తుంది. అందుకే రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది. ఒకవైపు మామూలుగా ఉబ్బెత్తుగా, మరోవైపు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి. దీనికి నకిలీలు చేసేవాళ్లు రెండు నాణేలను ఇనుప బిగింపులో (వైస్‌లో) పెట్టి గట్టిగా నొక్కుతారు. అప్పుడు తిరగబడ్డ ముద్ర పడుతుంది కానీ, దాని కింద అసలు బొమ్మ ఆనవాళ్లు మిగిలిపోతాయి, వెనకవైపు నలిగిపోతుంది. నిజమైన లఖీలో వెనకవైపు ముద్ర పదునుగా ఉంటుంది.

బిళ్ల పక్కకు జరిగి బొమ్మ సగమే పడ్డ నాణేలను గుర్తించడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. అచ్చు తిరిగిపోయినవాటికి కొంచెం ఓపిక కావాలి. మన నాణేన్ని పుస్తకం పేజీలా పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే కనిపించాలి. ఒరిగి ఉంటే ఒక అచ్చు తన చోట తిరిగిందని అర్థం. అక్షరాలు రెండేసి కనిపిస్తే మాత్రం తొందరపడకూడదు. ఆ రెండో అక్షరం చదునుగా, మెట్టులా ఉంటే ముద్రణ క్షణంలో అచ్చు అదిరింది, అంతే. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడి ఉంటే రెండు అక్షరాలూ నిండుగా ఉబ్బి, కొసల్లో చీలిక కనిపిస్తుంది. రెండోది అరుదు.

తప్పు లోహం మీద పడ్డ నాణేలకు అయస్కాంతమే న్యాయమూర్తి. అమెరికాలో యుద్ధానికి రాగి కావాలని 1943లో సెంట్లను ఉక్కుతో ముద్రించారు. మిగిలిపోయిన కొన్ని కంచు బిళ్లలు యంత్రంలోకి వెళ్లి, ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. నకిలీగాళ్లు మామూలు ఉక్కు సెంటుకు రాగి పూత పూస్తారు. అయస్కాంతం దగ్గరికి తేగానే అది అతుక్కుపోతుంది. మన స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుతుంది, 1992కు ముందరి, రాగీ నికెలూ కలిపి చేసిన రూపాయి అంటదు. జత కాని రెండు అచ్చులు కలిసిన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 2008లో అక్కడి 20 పెన్నీల నాణెం మీద సంవత్సరాన్ని ఒకవైపు నుంచి మరోవైపుకు మార్చారు. పాత అచ్చు ఒకటి, కొత్త అచ్చు ఒకటి కలిసి, సంవత్సరమే లేని నాణేలు జనంలోకి వచ్చేశాయి.

ఒక మాట మాత్రం హైదరాబాద్ వాళ్లం గుర్తుంచుకోవాలి. 1803లో పాతబస్తీలోని సుల్తాన్ షాహీలో నిజాం టంకశాల మొదలైనప్పుడు సుత్తి దెబ్బతోనే నాణెం తయారయ్యేది. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. ఫారసీ అక్షరాల్లో ఎన్ని బిళ్ల మీద పడితే అన్నే. ఆ కాలపు రూపాయిలో బొమ్మ పక్కకు జరిగిందని దాన్ని ముద్రణ దోషంగా అమ్మితే నమ్మకండి, అవన్నీ అంతే. యంత్రాలు వచ్చాకే, రెండు నాణేలు ఒకేలా ఉండాలనే నియమం వచ్చాకే, తప్పు అనే మాటకు అర్థం వచ్చింది. 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. కరెంటు ఆఫీసు పనిమీద మింట్ కాంపౌండ్‌కు వెళ్లేవాళ్లు తొక్కే నేల అదే. చార్మినార్ రూపాయలు యంత్రం మీద ముద్రించినవే. వాటి మీద చార్మినార్ ద్వారంలో మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్ అనే ఫారసీ అక్షరాలు ఉంటాయి. ఆ తేడా పాలకుడి గుర్తు, తప్పు కాదు. 1997లో చర్లపల్లి టంకశాల వచ్చింది. సైఫాబాద్ పాత భవనంలో 2022 నుంచి మ్యూజియం ఉంది. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి.

తేడాను తప్పుగా పొరబడి మనం చాలా నష్టపోయాం. పది రూపాయల నాణేలను మన ఊళ్లలో ఏళ్ల తరబడి తీసుకోలేదు. బొమ్మలు వేర్వేరుగా ఉన్నాయి కాబట్టి నకిలీవన్నారు. అప్పటికి 14 నమూనాల్లో విడుదలయ్యాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో ప్రకటించాల్సి వచ్చింది. నక్షత్రం ఉన్న నాణెం అరుదైనదని చెప్పడం కూడా ఇలాంటిదే. నక్షత్రం హైదరాబాద్‌కు, వజ్రం ముంబయికి, చుక్క నోయిడాకు, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాకు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ముందుగా రుసుములు అడిగే మోసగాళ్ల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో హెచ్చరించింది. మంచి నాణెం దొరికిన ఆనందంలో ఉన్న పెద్దవాళ్లే ఎక్కువగా మోసపోతారని నా భయం. ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పి ఉంచండి.

ఇక దొరికిన నాణేన్ని దయచేసి చింతపండుతో తోమకండి. దేవుడి సామాను మెరవాలి, నాణెం మెరవకూడదు. తోమితే పైపొరతో పాటు భూతద్దం చూడాల్సిన ఆనవాళ్లన్నీ పోతాయి. నా రూపాయిని అంచులు పట్టుకుని చిన్న కాగితపు కవరులో వేశాను. కవరు మీద తేదీ, బరువు, కొట్టు ఉన్న వీధి పేరు రాశాను. మర్నాడు వెళ్లి కొట్టతనికి ఎదుటి అంచు మసకబారిన చోటు చూపిస్తే, అతను గల్లా పెట్టె తెరిచి రూపాయి బిళ్లలన్నీ బల్ల మీద కుమ్మరించాడు.