డాక్టర్ హక్స్‌టబుల్ బోనెక్కలేదు

2018 ఏప్రిల్ 26న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నోరిస్‌టౌన్ కోర్టులో ‘గిల్టీ’ అన్న మాట మూడుసార్లు వినిపించింది. ముద్దాయి బిల్ కాస్బీ, వయసు 80. 1984 నుంచి 1992 దాకా ‘ది కాస్బీ షో’లో అయిదుగురు పిల్లల తండ్రి డాక్టర్ హక్స్‌టబుల్‌గా గురువారం రాత్రుళ్లు అమెరికాను నవ్వించినవాడు.

ఆ మాట చాలామంది అభిమానులకు మింగుడుపడలేదు. దాన్ని ఒట్టి మొండితనం అని కొట్టిపారేయలేం. వారం వారం తెర మీద కనిపించే మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఏకపక్ష స్నేహానికి హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే ‘పారాసోషల్’ అని పేరు పెట్టారు. అతనికి మనమెవరమో తెలియదు. మనసు మాత్రం అతన్ని చుట్టాల లెక్కలో వేసుకుంటుంది. అలాంటి మనిషి నేరం చేశాడంటే, 1957లో మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ వివరించిన కాగ్నిటివ్ డిసొనెన్స్, అంటే పొసగని రెండు నమ్మకాల మధ్య మనసు పడే ఇబ్బంది, మొదలవుతుంది. ‘మంచివాడు’, ‘దోషి’ అన్న రెండు కత్తులు ఒకే ఒరలో ఇమడవు. ఎనిమిదేళ్ల అలవాటును వదులుకోవడం కన్నా నిన్నటి తీర్పును తప్పుపట్టడం సులువు.

మామూలు పౌరులే కూర్చుని తీర్పు చెప్పే జ్యూరీ పద్ధతి ఈ చిక్కును ఇంకా పెంచుతుంది. మన జడ్జీలు ఎవరి సాక్ష్యం ఎందుకు నమ్మారో పేజీలకొద్దీ రాస్తారు. జ్యూరీ ఒక్క మాట చెప్పి ఇంటికి వెళ్లిపోతుంది. కారణాలు చెప్పని చోట అభిమాని తన ఊహలు నింపుకుంటాడు.

అందుకే తీర్పు కన్నా ముందు అభియోగాలు చదవాలి. కాస్బీ మీద ఉన్న మూడూ 2004లో అతని ఇంట్లో జరిగిన ఒకే ఘటనకు సంబంధించినవి: ఒక మహిళపై ఆమె సమ్మతి లేకుండా, స్పృహలో లేనప్పుడు, మత్తు ఇచ్చి లైంగిక దాడి చేశాడని. ఒక్కోదాని మీద జ్యూరీలోని 12 మందీ ఒక్కమాట మీదికి రావాలి. 2017 జూన్‌లో మొదటి జ్యూరీ 50 గంటలకు పైగా చర్చించినా అది కుదరలేదు. విచారణ రద్దయింది.

రెండో విచారణకు మారినవి ముఖ్యంగా రెండు. ఇలాంటి ఫిర్యాదే ఉన్న ఇతర మహిళల్లో మొదటిసారి ఒక్కరే సాక్ష్యం చెప్పగా, ఈసారి అయిదుగురు చెప్పారు. ఆ మహిళ వేసిన సివిల్ దావాలో 2006లో రాజీకి కాస్బీ సుమారు 33.8 లక్షల డాలర్లు ఇచ్చిన సంగతి కూడా ఈసారి బయటికొచ్చింది. డబ్బు కోసమే ఇదంతా అని డిఫెన్స్ గట్టిగా వాదించింది కూడా. అభిమానులు ఇప్పటికీ అడిగే ఆ ప్రశ్నను జ్యూరీ అప్పుడే విని, తూచి, పక్కన పెట్టింది. ఇక 1970లలో మహిళలకు ఇవ్వడానికి క్వాలూడ్ మత్తు బిళ్లలు సంపాదించానని కాస్బీయే ఆ సివిల్ దావా వాంగ్మూలంలో చెప్పుకున్నాడు. ఆరోపణలను మాత్రం అతను మొదటి నుంచీ కాదంటూనే ఉన్నాడు.

3 నుంచి 10 ఏళ్ల శిక్షలో దాదాపు మూడేళ్లు గడిచాక, 2021 జూన్ 30న పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. ‘చూశారా, నిర్దోషి!’ అన్నవాళ్లు ఆ కాగితాలు తిరగేసినట్టు లేరు. కేసు పెట్టనని 2005లో అప్పటి ప్రాసిక్యూటర్ ప్రకటించాడు. దాన్ని నమ్మి, మౌనంగా ఉండే హక్కును వదులుకుని కాస్బీ సివిల్ దావాలో నోరు విప్పాడు. తర్వాత వచ్చిన ప్రాసిక్యూటర్లు ఆ మాటలనే అతని మీద వాడారు. ఇది అన్యాయం అన్నది కోర్టు. మళ్లీ విచారించకూడదనీ ఆదేశించింది. చట్టం లెక్కలో ఇప్పుడతను దోషి కాడు. జ్యూరీ సాక్ష్యాలను తప్పుగా తూచిందని మాత్రం ఆ కోర్టు ఎక్కడా అనలేదు.