ఖోకా లెక్క

చిరంజీవులు బుజ్జి, చంటిలకు తాతయ్య ఆశీస్సులు.

"ఇన్నేళ్లు మిలిటరీలో చేసి ఒక్క బుల్లెట్టయినా దాచుకోలేదా తాతయ్యా?" అని చంటిగాడు ఫోన్లో నిలదీశాడు. ఎలా దాచుకుంటానురా? కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజిలో కాల్చిన ప్రతి తూటాకీ ఖాళీ గొట్టం తిరిగి అప్పజెప్పాలి. దాన్ని మేం ఖోకా అంటాం. ఓసారి నా లెక్కలో ఒకటి తగ్గింది. ప్లటూన్ అంతా చీకటి పడేదాకా గడ్డిలో మోకాళ్ల మీద పాకి వెతికాం. చివరికి పక్కవాడి గ్రౌండ్‌షీట్ మడతలో దొరికింది. ఆ రాత్రి నాతో ఎవడూ మాట్లాడలేదు.

మీరు మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తారు గానీ, ఎగిరిపోయేది ముందున్న గుండొక్కటే. పిన్ను వెళ్లి అడుగున ఉన్న క్యాప్‌ని కొడితే లోపలి మందు అంటుకుంటుంది. ఆ ఊపుకి గుండు ముందుకి, ఖోకా పక్కకి. సలసలా కాలే ఖోకా కాలర్లో పడితే ఇక నాట్యమే.

మాకు నేర్పిన ఉస్తాదుల కాలపు .303 రైఫిల్ గుండు 11 గ్రాముల పైమాటే. నేను మోసిన ఎస్ఎల్ఆర్ రైఫిల్‌ది 7.62 మి.మీ. గుండు, తొమ్మిదిన్నర గ్రాములు. 1990లలో ఇన్సాస్ రైఫిల్‌తో 5.56 మి.మీ. గుండు వచ్చింది, నాలుగు గ్రాములే. తేలిక కాబట్టి జవాను ఎక్కువ మోయగలడు. దెబ్బలో పస తగ్గిందని గొణిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

మామూలు తూటా పేరు బాల్. ట్రేసర్ గుండు వెనకాల మండే మసాలా కూరతారు. మీ దీపావళి మతాబుకి ఎరుపునిచ్చే స్ట్రాన్షియమే అందులోనూ ఉంటుంది. మెషిన్ గన్‌లో నాలుగు బాల్‌కి ఒక ట్రేసర్ కలిపితే, గురి ఎటు పోతోందో చీకట్లో గీత గీసినట్టు కనబడుతుంది. మనమెక్కడున్నామో అవతలివాడికీ కనబడుతుంది, అదే చిక్కు. ఇనుప రేకుని చీల్చాలంటే లోపల గట్టి ఉక్కు ముల్లున్న గుండు వేరే ఉంది.

కలకత్తా విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్ తెలుసుగా? తెల్లవాళ్లు 1890లలో అక్కడి ఆయుధాగారంలో ముందుకొన లోహపు తొడుగు తీసేసి, సీసం బయటికి కనబడే గుండ్లు చేశారు. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకునేవి. 1899లో హేగ్‌లో దేశాలు కూడి యుద్ధంలో అవి వద్దన్నాయి. బ్రిటన్ 1907 దాకా ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ రకాన్ని డమ్‌డమ్ అనే పిలుస్తారు. ఊరికి ఎలాంటి పేరొచ్చిందో చూడండి.

ఇక బ్లాంక్. గుండుండదు, గొట్టం మూతిని పూరేకుల్లా నొక్కేస్తారు. అలాగని దగ్గర్లో నిలబడితే ప్రమాదమే. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగేటప్పుడు పోలీసులు గాల్లోకి కాల్చేది దాన్నే. అదయ్యాక వాళ్లు కూడా వంగి ఖోకాలు ఏరుకుంటారు. టీవీ వాళ్లు ఆ లోపే కెమెరా తిప్పేస్తారు.

మీ తాతయ్య