చిన్న వేదికల మీద ఒకే రకం పాట ఎందుకు వినిపిస్తుంది

చిన్న పట్టణాల్లో వారాంతాల్లో ప్రత్యక్ష సంగీతం వినే అలవాటున్నవారి నోట తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. ఉన్నవి మూడో నాలుగో వేదికలు, అన్నింట్లోనూ అదే గిటారు బృందం, ముప్పై ఏళ్లనాటి అవే హిట్ పాటలు. బృందం పేరు మారినా వాయించేవారిలో సగం మంది పాతవారే ఉంటారు. జాజ్ కావాలన్నా, హిప్‌హాప్ కావాలన్నా, ఎవరైనా సొంతంగా కట్టిన కొత్త పాట కావాలన్నా పెద్ద నగరానికి బండెక్కవలసిందే. శ్రోతలకు అభిరుచి లేదని వాయించేవారంటారు, వాయించేవారికి తెగువ లేదని శ్రోతలంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, గడచిన నూట యాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఇంతకన్నా బలమైన కారణం కనబడుతుంది. చిన్న వేదిక మీద సంగీతానికయ్యే ఖర్చును చాలావరకు సంగీతం భరించలేదు, దాని పక్కన సాగే మరో వ్యాపారం భరించింది. ఆ వ్యాపారానికి ఏది అనుకూలమో, ఆ వ్యాపారాన్ని అదుపు చేసే చట్టానికి ఏది సమ్మతమో అదే వేదిక ఎక్కుతూ వచ్చింది.

ఈ సంగతి మొదట బయటపడింది కోర్టుల్లోనే. 1847లో పారిస్‌లోని ఆంబసదర్ కఫేలో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత తాను తాగిన పానీయానికి డబ్బు ఇవ్వనన్నాడు. అదే సమయంలో ఆ కఫేలో అతని రచన వాయిస్తున్నారు, దానికి అతనికి ఒక్క పైసా ముట్టలేదు. నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయానికి నేనెందుకివ్వాలన్నది అతని వాదం. ఆ తగవు నుంచే 1851లో ఫ్రాన్సు స్వరకర్తల సంఘం సాసెమ్ పుట్టింది. అమెరికాలో ఇదే ప్రశ్న 1917లో సుప్రీంకోర్టుకు చేరింది. షాన్లీ అనే న్యూయార్క్ రెస్టారెంటులో విక్టర్ హెర్బర్ట్ పాటలు వినిపిస్తున్నారు, వినడానికి వేరే టికెట్ లేదు కనుక అది లాభాపేక్ష గల ప్రదర్శన కాదని యజమాని వాదించాడు. జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆ వాదాన్ని కొట్టివేస్తూ, గిట్టుబాటు కాకపోతే యజమాని సంగీతాన్ని ఎప్పుడో మానేసి ఉండేవాడని, గిట్టుతున్నదంటే ఆ డబ్బు జనం జేబులోంచే వస్తున్నదని తేల్చాడు. స్వరకర్తలకు న్యాయం జరిగింది. అయితే బల్లల దగ్గర అమ్మకం పెంచడమే ఇక్కడ సంగీతం పని అన్న వాస్తవం కూడా అదే తీర్పుతో అధికారికంగా నమోదైపోయింది.

పోషించేది మద్యం వ్యాపారం అయినప్పుడు మద్యాన్ని నియంత్రించే యంత్రాంగం సంగీతం మీదా చెయ్యి వేస్తుంది. దీనికి న్యూయార్క్ నగర కాబరే చట్టాన్ని మించిన ఉదాహరణ దొరకదు. 1926లో వచ్చిన ఆ చట్టం ప్రకారం తిండి, పానీయాలు అమ్మే చోట సంగీతమో నాట్యమో ఉండాలంటే ప్రత్యేక లైసెన్సు కావాలి. తరువాత చేసిన సవరణతో లైసెన్సు లేని చోట్ల ముగ్గురికి మించకుండా వాయించుకోవచ్చన్నారు, కాని ఆ ముగ్గురూ పియానో వంటి మీటల వాయిద్యాలకో, తంత్రీవాద్యాలకో, అకార్డియన్‌కో పరిమితం కావాలి. డ్రమ్స్, ట్రంపెట్, సాక్సోఫోన్ నిషిద్ధం. ఒక చిన్న గదిలో ఏ రకం సంగీతం పుట్టవచ్చో నగరపాలక సంస్థ ఇలా వాయిద్యం వాయిద్యంగా నిర్ణయించిందన్నమాట. సాక్సోఫోన్ కన్నా అకార్డియన్ శాంతిభద్రతలకు ఏ విధంగా మేలో ఆ నిబంధన రాసినవారే చెప్పాలి. 1940 నుంచి 1967 వరకు ఇలాంటి చోట్ల పనిచేసే ప్రతి కళాకారుడూ పోలీసు కార్డు తీసుకోవలసి వచ్చేది. 1951లో ఆ కార్డును అధికారులు లాగేసుకోవడంతో జాజ్ పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ దాదాపు ఆరేళ్లపాటు తన సొంత నగరంలోని క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. వాయిద్యాల మీద, వాయించేవారి సంఖ్య మీద ఆంక్షలు 1980ల చివరి భాగంలో కోర్టు తీర్పులతో తొలగాయి. నాట్యం మీద ఆంక్ష 2017 దాకా నిలిచింది.

పన్నుల ప్రభావం ఇంకా విచిత్రమైనది. యుద్ధకాలంలో, 1944లో, అమెరికా ప్రభుత్వం గాయకులో నాట్యమో ఉన్న విందుశాలల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసి, కొద్ది నెలలకే దాన్ని 20 శాతానికి తగ్గించింది. గానం, నాట్యం లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉంటే పన్ను లేదు. అప్పటికే ఖర్చులతో సతమతమవుతున్న పెద్ద డాన్సు బృందాలకు ఇది గట్టి దెబ్బ. నలుగురైదుగురు కూర్చుని వాయిస్తుంటే జనం కదలకుండా వినే జాజ్‌కు మాత్రం ఇది అనుకోని మేలు చేసింది. బీబాప్ అనే ఈ తరహా జాజ్ శైలి ఎదుగుదలకు ఈ పన్నూ ఒక కారణమని ఆనాటి డ్రమ్స్ విద్వాంసుడు మాక్స్ రోచ్ వంటివారే అన్నారు. 1965లో ఎత్తివేసే నాటికి సామాన్య జనం నాట్యం చేసే ప్రత్యక్ష సంగీతం చాలా చోట్ల కనుమరుగైంది.

ఇంగ్లండ్‌లో ఇదే పని చాలా మర్యాదగా జరిగింది. 1960ల నుంచి పబ్బుల్లో ఇద్దరు కళాకారుల దాకా వినోదపు లైసెన్సు అక్కరలేదు, మూడోవారు వస్తే కావాలి. నలుగురితో కూడిన జానపద బృందం, అయిదుగురి జాజ్ బృందం ఆ ఒక్క అంకెతో బయట నిలిచిపోగా, గిటారుతో పాడే ఒంటరి గాయకుడు, ఒక గాయనితో కీబోర్డు వాయించే జంట పబ్బులకు అలవాటైపోయారు. 2003 చట్టం ఆ మినహాయింపును కూడా తీసేసి, 2005లో అమలులోకి వచ్చాక ఒక్కరు పాడినా అనుమతి ఉండాలన్నది. చివరకు 2012 ప్రత్యక్ష సంగీత చట్టం 200 మంది లోపు శ్రోతలున్న చోట ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు సంగీతాన్ని లైసెన్సు బెడద నుంచి తప్పించింది, 2015లో ఆ పరిమితి 500కు పెరిగింది. లండన్ పోలీసుల ఫారం 696 సంగతి వేరే చెప్పుకోవాలి. కార్యక్రమానికి ముందే నింపి ఇవ్వవలసిన ఆ పత్రంలో ఏ శైలి సంగీతం వినిపిస్తారని అడిగేవారు, మొదట్లో ఏ జాతివారు వస్తారని కూడా అడిగేవారు. గ్రైమ్, గరాజ్ వంటి, నల్లజాతి యువతకు చేరువైన శైలులవారికి వేదిక ఇవ్వడానికి యజమానులు జంకడానికి అది చాలు. 2017లో గాని దాన్ని రద్దు చేయలేదు.

ఇక యంత్రాల కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా సరిపెట్టవచ్చు. 1927 తరువాత మాటల చిత్రాలు రావడంతో థియేటర్లలో వాయించే వేలాది మంది ఉపాధి పోయింది. ఆపైన జూక్‌బాక్స్, డిస్కోతెక్, 1971లో జపాన్‌లో దైసుకె ఇనొవె తయారుచేసిన కరావోకె యంత్రం, 1983లో ఎలక్ట్రానిక్ వాయిద్యాలను, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే మిడి ప్రమాణం వచ్చాయి. మిడి వచ్చాక ఇద్దరు మనుషులు ఒక యంత్రం సాయంతో ఎనిమిది మంది పని చేయగలిగారు. వీటికి ఎదురొడ్డిన పోరాటాల్లో గుర్తుంచుకోదగినది 1942 ఆగస్టులో జేమ్స్ పెట్రిలో నాయకత్వాన అమెరికా సంగీతకారుల సంఘం చేసిన రికార్డింగు సమ్మె. రెండేళ్లకు పైగా సాగిన ఆ సమ్మె, 1948లో జరిగిన రెండో సమ్మె కలిసి ఒక నిధిని సాధించాయి. రికార్డు కంపెనీలు చెల్లించే సొమ్ముతో ఉచిత ప్రత్యక్ష కచేరీలు జరిపించే ఏర్పాటది. ఆ ఆలోచన వెనుకనున్న లెక్కకు 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు రూపమిచ్చారు. రెండు వందల ఏళ్ల కిందట నలుగురు కలిసి వాయించిన కృతికి నేడూ ఆ నలుగురే, అంత సమయమే కావాలి. మిగతా పరిశ్రమల్లో ఒక్కొక్కరి ఉత్పత్తి పెరిగి జీతాలు పెరుగుతున్నకొద్దీ ఆ నలుగురిని పోషించే ఖర్చు మాత్రం సాపేక్షంగా పెరుగుతూనే పోతుంది. చిన్న వేదిక యజమాని ఈ సిద్ధాంతం చదవకపోయినా, అయిదుగురి బదులు ఇద్దరిని పిలవడం ద్వారా దాన్ని ఆచరిస్తూనే ఉంటాడు.

అయితే ఇద్దరినే పిలిచినా వేదికకొక రకం పిలవవచ్చు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి నాకు తెలిసినంతలో అతి చక్కని జవాబు సంగీతం నుంచి కాక రేడియో నుంచి వచ్చింది. పోటీ వర్తకులు ఒకరికొకరు దూరంగా జరగక నడిమధ్యకే చేరతారని ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లో చూపించగా, పీటర్ స్టైనర్ 1952లో ఆ తరహా తర్కాన్ని రేడియో కార్యక్రమాలకు అన్వయించాడు. దాన్ని చిన్న ఊరికి వర్తింపజేసి చూద్దాం. వంద మంది శ్రోతలున్నారు, 70 మందికి పాత రాక్ పాటలు, 20 మందికి జాజ్, 10 మందికి జానపదం ఇష్టమనుకుందాం. ఎవరూ తమకు నచ్చనిదాని కోసం గడప దాటరు. మొదటి వేదిక రాక్ ఎంచుకుంటుంది. రెండోది కూడా రాక్ ఎంచుకుంటే 35 మంది దక్కుతారు, జాజ్ ఎంచుకుంటే 20 మందే. మూడోదీ రాక్ వైపే వెళ్తే 23 మంది వస్తారు, ఇప్పటికీ జాజ్ కన్నా ముగ్గురు ఎక్కువే. నాలుగో వేదిక వచ్చినప్పుడే జాజ్‌కు మొదటిసారి వంతు వస్తుంది. జానపదం కోరే ఆ పదిమందిని ఏడో వేదిక దాకా ఎవరూ పట్టించుకోనక్కరలేదు. మూడే వేదికలున్న ఊళ్లో మూడింట్లోనూ ఒకే సంగీతం ఉండడానికి ఎవరి అభిరుచి లోపమూ అక్కరలేదని ఈ లెక్క చెబుతుంది. అదే మూడు వేదికలూ ఒకే యజమానివైతే అతడు మూడు రకాలూ పెట్టి వంద మందినీ రప్పించుకుంటాడు. పోటీ ఉంటే వైవిధ్యం దానంతటదే వస్తుందని నమ్మేవారికి ఇది మింగుడుపడని ఫలితం.

వేదిక అవతలి వైపు నుంచి, అంటే వాయించేవారి వైపు నుంచి చూసినా ఒత్తిడి అటే నెడుతుంది. ముప్పావు గంట చొప్పున మూడు విడతలు వాయించాలని ఒప్పందం ఉందనుకుంటే బృందానికి ముప్పై అయిదు నుంచి నలభై పాటలు కావాలి. అన్ని సొంత పాటలు కట్టి, సాధన చేయడానికి ఏళ్లు పడుతుంది. పైగా చిన్న చోట డ్రమ్స్ వాయించేవారు ఒకరో ఇద్దరో ఉంటారు, ఎందుకంటే అది ఖరీదైన, చోటు ఆక్రమించే, ఇరుగుపొరుగు సహించని వాయిద్యం. ఒకే డ్రమ్మరు నాలుగు బృందాల్లో ఉంటాడు. అతడికి మరోచోట పని తగిలితే మధ్యాహ్నం ఫోన్ చేసి రాత్రికి ఇంకొకరిని పిలవాలి. వచ్చినవాడు రిహార్సల్ లేకుండా కూర్చుంటాడు, గిటారిస్టు పాట పేరు, శ్రుతి చెప్పి నాలుగు లెక్కపెడతాడు, పాట మొదలవుతుంది. అందరికీ తెలిసిన పాట అయితేనే ఇది సాధ్యం. సొంత పాటలో రెండో చరణం తరువాత ఒక ఆవృతం ఆగాలన్న సంగతి కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? అందరికీ తెలిసిన ఆ పాటల మూట బృందానికి బీమా వంటిది, ప్రతి బృందం దగ్గరా ఉన్నది అదే మూట.

ఈ లెక్కలు తప్పిన చోట్ల ఏదో ఒక నిబంధన తిరగబడి ఉంటుంది. 1973 డిసెంబరులో హిల్లీ క్రిస్టల్ న్యూయార్క్‌లో తెరిచిన సీబీజీబీ అనే క్లబ్బు పేరులోని నాలుగు అక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే మూడు శైలులకు గుర్తులు. అవి అక్కడ పెద్దగా సాగలేదు. బృందాలు ఇతరుల పాటలు కాక సొంత పాటలు వాయించాలన్న షరతు మాత్రం సాగింది. రాయల్టీల బెడద తగ్గించుకోవడం కూడా దానిలో ఒక ఉద్దేశమంటారు. ఇంకెక్కడా చోటు దొరకని రామోన్స్, టెలివిజన్, టాకింగ్ హెడ్స్ వంటి బృందాలు, ఒకదానితో ఒకటి పోలిక లేనివి, అక్కడికి చేరాయి. వయసు నిబంధన విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. మద్యం అమ్మే చోటికి మైనర్లను రానివ్వరు కనుక కొత్త సంగీతాన్ని అందరికన్నా ముందు అందుకునే వయసువారు గది బయటే ఉండిపోతారు. సియాటిల్ 1985లో యువజన నాట్య కార్యక్రమాలకు పది లక్షల డాలర్ల బాధ్యతా బీమా తప్పనిసరి చేసి, 2002 దాకా ఆ దారిని దాదాపు మూసేసింది. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించడానికి వెళ్లిన వాషింగ్టన్ కుర్రాళ్ల బృందం టీన్ ఐడిల్స్ సభ్యుల చేతుల మీద, వీరికి మద్యం పోయవద్దన్న గుర్తుగా, అక్కడివారు ఇంటూ గుర్తు వేశారు. ఆ పద్ధతినే తమ ఊరి క్లబ్బులకు చెప్పి ఒప్పించి, మైనర్లకు ప్రవేశం సాధించుకున్నారు. వాషింగ్టన్‌లో తరువాత అల్లుకున్న హార్డ్‌కోర్ అనే వేగవంతమైన పంక్ సంగీత వాతావరణానికి ఆ గుర్తు కూడా ఒక ఆధారం.

పోషించే వ్యాపారమే మారిపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1956 నుంచి క్లబ్బుల్లో ఉన్న జూదయంత్రాలను 1997లో పబ్బుల్లోకీ అనుమతించాక, బృందాలు వాయించే గదులు చాలావాటిలో ఆ యంత్రాలు కొలువుతీరాయి. మెల్‌బోర్న్‌లో మద్యం లైసెన్సు షరతుల కారణంగా 2010 జనవరిలో టోట్ అనే వేదిక మూతపడితే వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. నాలుగేళ్లకు విక్టోరియా రాష్ట్రం ఒక నియమం తెచ్చింది. వేదిక పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవారే శబ్దం అడ్డుకునే ఖర్చు భరించాలన్నది దాని సారం.

ఐరోపా దేశాలు కొన్ని వేరే దారి పట్టాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత చర్చి భవనంలో 1968లో తెరుచుకున్న పారడైసో వంటి క్లబ్బులు ప్రజాధనం తోడుతో నడిచాయి. ఫ్రాన్సు 1990ల నుంచి సమకాలీన సంగీత వేదికలకు ప్రత్యేక గుర్తింపు, నిధులు ఇస్తూ, అందుకు బదులుగా కార్యక్రమాల్లో వైవిధ్యం చూపాలని, స్థానిక బృందాలకు సాధన గదులు, శిక్షణ అందించాలని కోరుతున్నది. అప్పుడు బల్లల దగ్గర అమ్మకం ఎంతన్న ప్రశ్న వెనక్కి తగ్గి, పది మంది కోరే సంగీతానికి కూడా ఏడాదిలో కొన్ని రాత్రులు దొరుకుతాయి. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. నిధులిచ్చే కార్యాలయానికి పంపే నివేదికలో పేరున్న పర్యటక బృందాల జాబితా బాగా కనబడుతుంది కనుక, ఊరి బృందానికి దక్కేది తరచూ వారికి ముందు వాయించే అరగంట మాత్రమే.