సరస్సు మీద గాలి, కడలి మీద అల

విశాఖపట్నంలోని రుషికొండ తీరంలో ఆకు కూడా కదలని ఉదయాన సైతం కెరటాలు వరుసగా వచ్చి ఇసుకను తాకుతుంటాయి. గాలి లేనిదే అల ఎక్కడిదంటే, వాటిలో కొన్ని అంటార్కిటికాను చుట్టి ఉన్న దక్షిణ మహాసముద్రపు తుపానుల్లో పుట్టి, హిందూ మహాసముద్రమంతా దాటి బంగాళాఖాతంలోకి వచ్చినవి. లోతైన నీటిలో 14 సెకన్లకొకటి చొప్పున సాగే అలల మధ్య దూరం సుమారు 300 మీటర్లు ఉంటుంది; ఒక్కొక్క అల గంటకు దాదాపు 78 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది గాని, అలల గుంపు మోసుకొచ్చే శక్తి అందులో సగం వేగంతోనే కదులుతుంది కనుక, 7,000 కిలోమీటర్ల దూరానికి వారం రోజులు దాటుతుంది. అందుకే సముద్రంలో తెరచాప ఎత్తినవాడికి రెండు గాలులతో పని: చాపను నింపేది ఇప్పటి గాలి, పడవను ఎత్తి దించేది ఎప్పుడో, ఎక్కడో వీచిన గాలి.

మంచినీటి సరస్సులో ఆ రెండోది ఉండదు. అల ఎదగాలంటే గాలి బలంతో పాటు అది నీటిపై అడ్డు లేకుండా సాగే దూరమూ కావాలి. ఒకటి రెండు కిలోమీటర్ల నీటిలో అలలు రెండు సెకన్ల లోపే ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వాటి మధ్య దూరం ఆరు మీటర్లకు మించదు. కడలిలో 300 మీటర్ల పొడవైన అల మీదుగా మెల్లగా ఎక్కి దిగే నాలుగు మీటర్ల పడవ ఇక్కడ టపటపమని దెబ్బలు తింటుంది. (కడుపులో తిప్పేది మాత్రం ఆ మెల్లని ఊపే.)

సరస్సులోని అసలు సరదా గాలిని కంటితో చదవడంలో ఉందని నా అభిప్రాయం. ఉత్తరాంధ్రలో సరస్సును ఆవ అంటారు. కొండకర్ల ఆవలో జతకట్టిన తాటిదోనెలకు తెరచాప ఉండదు, గడకర్రే ఆధారం. అయినా దోనెలో కూర్చుని చూస్తే, దూరాన నీటిపై నల్లని మచ్చ ఒకటి మన వైపు జరిగి రావడం కనిపిస్తుంది. గాలి విసురు తాకినచోట చిన్న చిన్న ముడతలు లేచి, ఆకాశపు వెలుగును మునుపటిలా మన కంటికి చేర్చవు. ఆ నలుపు అదే. తెరచాప పడవలో ఉన్నవాడు ఆ మచ్చ చేరేలోపే చాప తాడు కాస్త వదిలి, గాలి వచ్చే వైపు అంచుకు ఒరగాలి. కొండలూ చెట్లూ గాలిని ముక్కలు చేస్తాయి కనుక ఈ పాఠం నిమిషానికొకసారి ఎదురవుతుంది. మధ్యాహ్నం సముద్రం మీద నిలకడగా వీచే గాలి ఇంత తరచుగా పరీక్షించదు. నేర్చుకోవడానికి సరస్సే మేలనడానికి నాకు ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఉప్పు సంగతి చిన్నదే. మనిషితో సహా 200 కిలోల పడవ మంచినీటిలో 200 లీటర్లు, సముద్రంలో సుమారు 195 లీటర్లు తొలగించి తేలుతుంది. ఆ ఐదు లీటర్ల లాభానికి బదులుగా, కడలి నుంచి తిరిగొచ్చినవాడు తాళ్లూ కప్పీలూ చాపా మంచినీళ్లతో కడిగితే గాని ఇంటికి వెళ్లలేడు; సరస్సు నుంచి వచ్చినవాడు వాటిని ఆరబెట్టి చుట్టేస్తే సరిపోతుంది.